సగం ఖాళీ తొట్టి

ఆ ఆదివారం పొద్దున ఇంజనీరు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. కాఫీ తాగాలి. బజారుకెళ్ళి చేపల తొట్టిలోకి ఒక స్పాంజి ముక్క తెచ్చుకోవాలి. తిరిగొచ్చాక అక్కని పైకి పిలిచి, ఆమె కళ్ళెదుట ఒకే ఒక్క స్విచ్ ఆపి చూపించాలి. స్విచ్ ఆపినా నేలమీద చుక్క పడదు. పడలేదన్న సంగతి అక్క కిందికెళ్ళి బావతో చెబుతుంది. అంతే ప్లాను. ఇంత చిన్న ప్లానులో చెడిపోవడానికి ఏముందని ఆయన ధీమా.

ఇంజనీరు అంటే నిజంగా ఇంజనీరనుకునేరు. ఆయన పార్సిళ్ళ ఆఫీసులో చీటీలు అంటించే గుమాస్తా. కాకపోతే ఇంట్లో ఏ వస్తువునీ దాని మానాన దాన్ని బతకనివ్వడు. తలుపు దానంతటదే మూసుకోవాలని ఒకసారి స్ప్రింగు బిగించాడు. అది దానంతటదే మూసుకుని, తువ్వాలు కట్టుకున్న ఆయన్ని బయట నిలబెట్టింది. ఆ పూటే బావ ఆయనకి ఈ పేరు పెట్టాడు. బావ రిటైరైన లెక్కల మాస్టారు. ఆయన పెట్టిన పేరు కూడా లెక్కలాగే ఉంటుంది, ఎవరూ కొట్టెయ్యలేరు. వీధంతా అదే పేరు ఖాయం చేసుకుంది.

ఇల్లు రెండు వాటాలు. కింద అక్కా బావా, పైన ఇంజనీరు, భార్య, కాలేజీకెళ్ళే కూతురు. రెండు వాటాలకీ మధ్య మెట్లు ఉన్నాయి గానీ, ఏడాదిగా ఆ మెట్ల మీద మాటలు తిరగడం లేదు. పోయినేడు ఇంజనీరు బాల్కనీలో పూలకుండీలు వాటంతటవే నీళ్ళు తాగేలా సన్న గొట్టాలతో ఏదో అమర్చి, భార్యాబిడ్డలతో ఊరెళ్ళాడు. కుండీలు తాగగా మిగిలిన నీళ్ళు హాల్లోకొచ్చి, కిటికీ కింద డొల్లగా మోగే నేలపలక సందులోంచి దిగి, సరిగ్గా మధ్యాహ్నం కునుకు తీస్తున్న బావ ముఖం మీద పడ్డాయి. బావ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. అక్కతో ఒక్క మాట చెప్పి పంపాడు. "ఇంకొక్క చుక్క పైనుంచి పడిందో, ఇల్లు ఖాళీ చేసి పోతాం."

అప్పట్నుంచి బావ పైకి రాడు, ఇంజనీరు కిందికి పోడు. ఎదురుపడితే ఒకరు చెప్పుల వంక, ఒకరు ఆకాశం వంక చూసుకుంటారు. ఇందులో అసలు చిక్కు ఏమిటంటే, చేప పైన ఉండిపోయింది.

ఆ చేప బావది. నారింజరంగుది, అరచెయ్యంత ఉంటుంది. బావ తన రాతబల్ల మీద గాజు జాడీలో దాన్ని చిన్నప్పట్నుంచీ పెంచాడు. జాడీకి మించి ఎదిగాక, పెద్ద తొట్టి ఉంది కదా అని ఇంజనీరుకి ఇచ్చాడు. ఇచ్చిన కొద్దిరోజులకే ఆ నీళ్ళ గొడవ. చేపకి పొట్ట ఉంది, ఎవరొచ్చినా అద్దం దగ్గరకొచ్చి సలహా ఇవ్వబోతున్నట్టు నోరు తెరుస్తుంది. అందుకని దాన్ని పెద్దమనిషి అంటారు.

సాయంత్రాలు అక్క మెట్ల మలుపు దాకా వచ్చి నిలబడేది.

"మీ బావ అడగమన్నారని కాదు గానీ, పెద్దమనిషి తింటున్నాడా?"

"తింటున్నాడు. ఆయన అడగలేదు కాబట్టి చెప్పకపోయినా ఫర్వాలేదు."

"చెప్పను. రంగు బాగానే ఉందా?"

"నిగనిగలాడుతున్నాడు."

అక్క చెప్పనంటూనే గబగబా దిగిపోయేది. కిందనుంచి బావ గొంతు వినపడేది, "ఏ మేత వేస్తున్నాడట?"

ఆ జాతి చేపలు తిన్నదంతా తిరిగి నీళ్ళకే ఇస్తాయి. వారానికోసారి నీళ్ళు మార్చాలి. అంటే బకెట్లు మొయ్యాలి. బకెట్టు అంటే తొణుకు, తొణుకు అంటే చుక్క. నీళ్ళు మార్చినప్పుడల్లా ఇంజనీరు ఆ డొల్ల పలక చుట్టూ కాలివేళ్ళ మీద నడిచేవాడు. ఈ మధ్య అక్క కళ్ళొత్తుకుంటూ ఇంకో మాట చెప్పింది. "ఎవరో ఇల్లు చూపిస్తామంటే మీ బావ వెళ్ళి చూసొచ్చారురా. నచ్చిందో లేదో నాకు చెప్పలేదు." ఆ మాట విన్నాక ఇంజనీరుకి అన్నం సహించలేదు. అక్క గొంతు కిందనుంచి వినపడని ఇంట్లో ఉండటం ఆయనకి పుట్టి బుద్ధెరిగాక అలవాటు లేదు.

అందుకే సంపు కట్టాలనుకున్నాడు.

"సంపంటే ఇంటి ముందు తవ్వే గొయ్యి కదండీ. హాల్లో తవ్వుతారా?" అంది భార్య.

"గొయ్యి కాదే. పై తొట్టి కింద, అల్మారాలో ఇంకో తొట్టి. పై తొట్టి మూల ఒక గొట్టం నిలబెడతాను. దాని మూతి దాటిన నీళ్ళు కిందికి జారతాయి. కింద స్పాంజీలు, రంధ్రాల రాళ్ళు. వాటిగుండా శుభ్రపడి చివరికొస్తాయి. అక్కడ పంపు వాటిని మళ్ళీ పైకి తోస్తుంది. బకెట్టుతో పనే ఉండదు."

"కరెంటు పోతే?"

ఇంజనీరు పెద్దమనిషిలాగే నోరు తెరిచాడు. అవును మరి. పంపు ఆగితే గొట్టం మూతికి పైనున్న నీళ్ళూ, పైపుల్లో ఉన్న నీళ్ళూ అన్నీ కింది తొట్టిలోకే దిగుతాయి. వాటికి అక్కడ ఎంత చోటు వదలాలి? ఆ లెక్క ఆయన వల్ల అయ్యేది కాదు. లెక్క తెలిసిన మనిషి సరిగ్గా ఆయన కాళ్ళ కింద గదిలోనే ఉన్నాడు, కానీ మాటల్లేవు.

చివరికి అక్కనే పట్టుకున్నాడు. "పక్కింటి పాపకి హోంవర్కట అని చెప్పు. ఒక తొట్టి ఇంత పొడుగు, ఇంత వెడల్పు…"

మర్నాడు అక్క జవాబు మోసుకొచ్చింది. "కింది తొట్టి సగానికి సగం ఖాళీగా వదలమని చెప్పమన్నారు ఆ పాపకి. ఇంకా, ఆ పాప ఈసారి గొట్టాలు సరిగ్గా బిగించుకుంటే మంచిదన్నారు."

ఇంజనీరు సగం ఖాళీ వదిలాడు.

అదీ నేపథ్యం. శనివారం నాటికి అన్నీ బిగించడం అయిపోయింది. గొట్టం గలగలమంది, పంపు గురకపెట్టింది, పై తొట్టి అద్దంలా మెరిసింది. కింది తొట్టి సగానికి సగం ఖాళీగా, బావ చెప్పినట్టే ఉంది. ఇంజనీరు మురిసిపోయి అల్మారా తలుపు దగ్గరికి వేశాడు. సగం ఎందుకు ఖాళీగా ఉందో ఇంట్లో ఎవరికీ చెప్పాలని మాత్రం ఆయనకి తట్టలేదు. తెలిసిన విషయం అందరికీ తెలుసనుకోవడం ఆయనకి మొదట్నుంచీ ఉన్న జబ్బు.

ఆదివారం స్పాంజి ముక్క పట్టుకుని ఇంటికొచ్చేసరికి మెట్ల మీద తడి చెప్పుల గుర్తులు ఉన్నాయి. పెద్ద పాదాలు. మంచినీళ్ళ డబ్బా వేసేవాడు వచ్చాడు కాబోలు అనుకున్నాడు. హాల్లో స్టూలు మీద మగ్గు బోర్లించి ఉంది. కూతురు ముఖం కడుక్కుని ఉంటుంది. భార్య కొంగు తడిసి ఉంది. గిన్నెలు తోమింది పాపం. పిలవకముందే అక్క వచ్చి కుర్చీలో కూచుని ఉంది, చేతులు ఒళ్ళో తుడుచుకుంటూ. రాక రాక వచ్చింది, చెమటలు పట్టి ఉంటాయి.

ఇన్ని తడి గుర్తులు చూసి కూడా మనిషికి అనుమానం రాకపోవడానికి గట్టి నమ్మకం ఉండాలి. ఇంజనీరుకి ఉంది.

"కూచో అక్కా. బాగా చూడు. చూసింది చూసినట్టు బావగారికి చెప్పాలి."

"పొయ్యి మీద పాలు పెట్టొచ్చానురా. తొందరగా ఆపు."

"కరెంటు పోయిందనుకో," ఇంజనీరు గొంతు సవరించుకున్నాడు. "మామూలు మనుషులు కట్టిన తొట్టైతే ఇల్లు చెరువవుతుంది. ఇది అలా కాదు. ప్రతి చుక్కకీ ముందే చోటు వదిలాం. లెక్క ప్రకారం."

"ఎవరి లెక్క?" అంది అక్క, ఏమీ ఎరగనట్టు.

"పక్కింటి పాపది."

భార్య ఏదో చెప్పబోయింది. "ఏమండీ, అది ఆపేముందు ఒక మాట…"

"తర్వాత చెబుదువుగానీ," అని ఇంజనీరు ఎక్స్‌టెన్షన్ బోర్డు దగ్గర వంగి టక్కున స్విచ్ ఆపాడు.

పంపు గురక ఆగింది. గొట్టంలో నీళ్ళు గుటకలు వేస్తూ దిగుతున్నాయి. ఇంజనీరు చేతులు కట్టుకుని, ఫొటో తీయించుకుంటున్నవాడిలా నిలబడ్డాడు. అల్మారా తలుపు కిందనుంచి సన్నగా ఒక నీటి తీగ బయటికొచ్చింది.

"నాన్నా, నీళ్ళు," అంది కూతురు.

"ఆగుతుంది."

తీగ కాస్తా నాలుకంత వెడల్పైంది. అక్క కాళ్ళు పైకి పెట్టుకుంది.

"ఆగుతుందన్నావు కదరా."

"ఇప్పుడు ఆగుతుంది. అది… మొదట కొంచెం సర్దుకుంటుంది."

సర్దుకోలేదు. ఇంజనీరు అల్మారా తలుపు లాగాడు. సగం ఖాళీగా ఉండాల్సిన తొట్టి అంచులదాకా నిండి, నాలుగువైపులా ఒకేసారి పొర్లుతోంది.  మళ్ళీ పంపు వేద్దామని బోర్డు మీదికి చెయ్యి చాపాడు. భార్య ఆ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది.

"బోర్డు తడుస్తోంది, మీకేమైనా మతిపోయిందా? మెయిన్ ఆపవే అమ్మాయ్!"

కూతురు పరిగెత్తి రెండు వాటాలకీ ఉన్న ఒకే మెయిన్ ఆపేసింది. ఫ్యాన్లు ఆగిపోయాయి.  అప్పుడు నీళ్ళు ఎటు పోతున్నాయో బాగా కనపడింది. అవి నేరుగా కిటికీ కింద డొల్ల పలక వైపు, దారి తెలిసిన మనుషుల్లా నడుచుకుంటూ పోతున్నాయి.

ఆపైన ఎవరికి ఏది దొరికితే అది నేల మీద పడింది. తువ్వాళ్ళు, దుప్పట్లు, ఇంజనీరు ఆఫీసు ప్యాంటు, అక్క భుజం మీది శాలువా. భార్య పరుపు ఈడ్చుకొచ్చి అడ్డం వేసింది. కూతురు చెత్త ఎత్తే చేటతో నీళ్ళు ఎత్తి బకెట్టులో పోస్తుంటే, ఇంజనీరు అదే బకెట్టుకి కాలు తగిలించి మళ్ళీ నేల మీద పోశాడు.

"మీరు సాయం చెయ్యకండి," అంది భార్య. "ఊరికే నిలబడండి. అదే పెద్ద సాయం."

పై తొట్టిలో నీళ్ళు గొట్టం మూతిదాకా దిగి, అక్కడ ఆగిపోయాయి. పెద్దమనిషి మిగతా నీళ్ళలో తాపీగా తిరుగుతూ, అద్దం దగ్గరకొచ్చి నోరు తెరిచాడు. వాడికేం, వాడి ఇంట్లో నీళ్ళు ఉండాల్సిందే.

కానీ అప్పటికే ఒక పాయ దుప్పటి అంచు తప్పించుకుని పలక సందు చేరుకుంది. అందరూ దాని చుట్టూ నిలబడి చూస్తుండగానే నీళ్ళు సందులోకి దిగాయి, లోపలికి ఎవరో పీల్చుకుంటున్నట్టు.

అక్క నోటిమీద చెయ్యి పెట్టుకుంది. "అయిపోయిందిరా. ఇంక సామాన్లు సర్దుకోవడమే."

ఆ మాటకి ఇంజనీరు కాళ్ళలో ఎక్కడలేని బలం వచ్చింది. చుక్క కింద పడేలోపు దాన్ని పట్టుకోగలిగితే చాలు. పడలేదంటే పడలేదు. ఒక ఖాళీ బకెట్టు లాక్కుని, తడి పాదాలతో మెట్ల మీద సగం నడిచి, సగం జారి, ఏడాది తర్వాత మొదటిసారి అక్క వాళ్ళ గడప దాటాడు. పొయ్యి మీది పాలు పొంగి వంటింట్లో మాడువాసన వస్తోంది. పడగ్గది తలుపు తోశాడు.

బావ మంచం మీద నిలబడి ఉన్నాడు. రెండు చేతులతో నెత్తి మీద ఒక బేసిన్ ఎత్తి పట్టుకుని, కదలకుండా, కప్పు వంక చూస్తున్నాడు.

టప్. చుక్క బేసిన్‌లో పడింది.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. చెప్పుల వంక చూద్దామంటే ఇద్దరికీ చెప్పుల్లేవు. ఆకాశం వంక చూద్దామంటే అక్కడ కప్పు కారుతోంది.

టప్, టప్.

"ఏరా," అన్నాడు బావ చివరికి. "ఆ బకెట్టు ఖాళీదేనా?"

"ఖాళీదే బావగారూ."

"అయితే ఎక్కి పట్టుకో. నా చేతులు లాగేస్తున్నాయి."

ఇంజనీరు మంచమెక్కి బావ పక్కన నిలబడి బకెట్టు పైకెత్తాడు. పరుపు మెత్తగా కుంగడంతో ఇద్దరి భుజాలూ ఆనుకున్నాయి.

"బావగారూ, తప్పంతా నాదే. మీరు సగం ఖాళీ వదలమన్నారు. నేను వదిలాను. ఒట్టు, వదిలాను. ఎలా నిండిందో నాకు…"

"నువ్వు కాసేపు ఊరుకో. నన్ను చెప్పనీ." బావ ఇంకా కప్పు వంకే చూస్తున్నాడు. "నీళ్ళు పోసింది నేను."

ఇంజనీరు బకెట్టు కొంచెం వంగింది. నాలుగు చుక్కలు బావ భుజం మీద పడ్డాయి. ఆయన పట్టించుకోలేదు.

"రోజూ నువ్వు ఆఫీసుకెళ్ళాక పైకొస్తాను. మీ ఆవిడ తలుపు తీస్తుంది. కాసేపు వాడితో కూచుని వస్తాను. సాయంత్రాలు మీ అక్కతో అడిగించేది నీకు అనుమానం రాకుండానే. ఇవాళ నువ్వు బజారుకెళ్ళడం చూసి వచ్చాను. వాడికి జాడీలో ఉన్నప్పట్నుంచీ పొద్దున కాసిని కొత్త నీళ్ళు పోస్తే ఇష్టం. రాత్రంతా నిలవబెట్టిన నీళ్ళే, జాగ్రత్తగా పై తొట్టిలో పోశాను. పోస్తే మట్టం పెరగలేదు. ఇంకో జగ్గు పోశాను. పెరగలేదు. ముప్పై ఏళ్ళు పిల్లలకి తొట్టిలెక్కలు చెప్పినవాణ్ణి, పోసినకొద్దీ పెరగని తొట్టి నేనెక్కడా చూడలేదు. పట్టుదల వచ్చింది. తెచ్చిన బిందె మొత్తం పోశాను."

"పైన పోసిందంతా గొట్టంలోంచి కిందికి…"

"ఇక్కడికొచ్చి కుర్చీలో కూచున్నాక తట్టింది. పరిగెత్తుకొచ్చి చెబుదామంటే నువ్వు మెట్లెక్కుతున్నావు. నీతో మాటల్లేవు కదా." బావ బేసిన్ కాస్త సర్దుకున్నాడు. "ఈలోపు ఫ్యాను ఆగింది. పైన మీ పరుగులు వినపడ్డాయి. బేసిన్ తీసుకుని మంచమెక్కాను."

 ఇంజనీరు అసలు సంగతి అడగకుండా ఉండలేకపోయాడు.

"మరి చుక్క పడితే ఇల్లు ఖాళీ చేస్తామన్నారు కదా."

"పడిందా?" అన్నాడు బావ, క్లాసులో తప్పు జవాబు చెప్పినవాణ్ణి చూసినట్టు. "నేల చూడు. మంచం చూడు. ఎక్కడైనా తడి ఉందా? చుక్క బేసిన్‌లో ఉంది. కింద పడితే కదా లెక్క."

"నాలుగు మీ భుజం మీద పడ్డాయి."

"అవి నీ బకెట్టువి. పైనుంచి వచ్చినవి కావు."

ఇంజనీరుకి నవ్వొచ్చింది. ఏడాదిగా ఛాతీమీద కూచున్న రాయేదో దిగి పక్కకి జరిగినట్టైంది. నవ్వుతుంటే బకెట్టు ఇంకా ఊగి, బావ రెండో భుజం కూడా తడిసింది.

"ఆ చూసొచ్చిన ఇల్లు…"

"బావుంది. గాలీ వెలుతురూ ఉన్నాయి. తొట్టి పెట్టడానికి చోటే లేదు. అలాంటి ఇంట్లో ఎవడుంటాడు?"

కారడం ఆగాక ఇద్దరూ మంచం దిగి, తడి బట్టలతోనే పైకెళ్ళారు. ముందు బావ, వెనక బకెట్టుతో ఇంజనీరు. హాల్లో అక్క ఇద్దర్నీ చూసి, తర్వాత వాళ్ళిద్దరి మధ్యా మాటలు నడుస్తున్నాయని గమనించి, తడి శాలువా అంచుతోనే కళ్ళు తుడుచుకుంది. అది ఉన్న తడిని ఇంకా పెంచింది.

"మొత్తం నావల్లే," అన్నాడు బావ అందరికీ వినపడేలా. "ఒక బిందెడు పోశాను."

ఇంజనీరు అల్మారా ముందు గొంతుక్కూచుని తొట్టి వంక చూశాడు. "ఒక బిందెకి ఇంత నిండదు బావగారూ. బిందె పోసినా ఇంకా బోలెడు చోటుండాలి."

 కూతురు స్టూలు మీది మగ్గుని మెల్లగా వెనక్కి దాచింది.

"స్పాంజి పైభాగం ఎండిపోయినట్టు అనిపిస్తే," అంది, "పాపమని రెండు మగ్గులు పోశాను. మూడేమో."

"అందుకే కదా ఆపేముందు ఒక మాట అన్నాను," అంది భార్య. "మీకు ఏ పనైనా సగంలో వదిలెయ్యడం అలవాటు. తొట్టి సగమే నిండి ఉంటే, ఇదీ సగంలో వదిలేశారనుకుని బకెట్టు పోశాను. ఒక్క బకెట్టే."

అందరూ అక్క వైపు తిరిగారు.

"నన్ను చూస్తారేం?" అంది అక్క. "మోటారుకి నీళ్ళు చాలకపోతే కాలిపోతుందని మీ బావే కదా ఎప్పుడూ అనేది. పోనీ తమ్ముడి మోటారు కదా అని ఒక చెంబు పోశాను. చిన్న చెంబే."

"లెక్క మోసుకొచ్చిందే నువ్వు," అన్నాడు బావ. "సగం ఖాళీ వదలమని నీతోనే కదా చెప్పి పంపాను."

"అది పక్కింటి పాప తొట్టికి కదా," అంది అక్క.

 బావ చొక్కా చేతులు మడిచి, మగ్గు తీసుకుని, ఇంజనీరు పక్కన నేలమీద చతికిలబడ్డాడు. ఇద్దరూ కలిసి ఒకరు తోడుతూ, ఒకరు లెక్కపెడుతూ కింది తొట్టిని సగానికి దించారు. అన్నీ ఆరాక పంపు వేశారు. అది గురకపెట్టింది, గొట్టం గలగలమంది. మళ్ళీ ఆపారు. నీళ్ళు గుటకలు వేస్తూ దిగి, తొట్టి అంచుకి బెత్తెడు కిందే బుద్ధిగా నిలబడ్డాయి. ఎవరూ చప్పట్లు కొట్టలేదు గానీ, అందరూ ఒక్కసారే ఊపిరి వదిలారు.

సాయంత్రానికి అల్మారా తలుపుకి ఇంజనీరు ఒక తాళం బిగించాడు. బావ రాతబల్ల ముందరి కుర్చీ పైకొచ్చి, తొట్టి ఎదురుగా ఖాయంగా కూచుంది. చివరికి లెక్క తేలిందేమిటంటే, ఆ పూట ఆ ఇంట్లో నీళ్ళు పొయ్యనివాడు పెద్దమనిషి ఒక్కడే.